ఉపవాసాల రూతమ్మ

ఆదోనిలో మే నెల వచ్చిందంటే జిన్నింగ్ మిల్లుల రేకుల కింద మనిషి నిలబడలేడు. పత్తి ఏరే ఆడవాళ్లు కొంగులు తడుపుకొని మెడకు చుట్టుకుంటారు. చెమటకు దూది అంటుకుని మొహాలు తెల్లబడిపోతాయి. అలాంటి ఎండలో రూత్ పంజాబీ డ్రెస్సు మీద చచ్చిపోయిన అన్న చొక్కా, దాని మీద స్వెట్టరు వేసుకుని పనికి వచ్చేది. ఎవరైనా అడిగితే చలిగా ఉందనేది. అది అబద్ధం కాదు. ఎముకల్లోంచి వచ్చే చలి అది, ఎండకు పోయేది కాదు.

అప్పటికి ఆమెకు ఇరవై దాటింది. ఇంటర్ పాసై, పై చదువుకు దారి లేక, తల్లి ఉరుకుందమ్మ వెంట మిల్లుకు వస్తుండేది. తండ్రి చిన్నప్పుడే పోయాడు. ఉరుకుందమ్మ కడుపున పడ్డప్పుడు ఆమె పుట్టింటివాళ్లు ఉరుకుంద ఈరన్న స్వామికి మొక్కుకున్నారు, అందుకే ఆ పేరు. పెళ్లయ్యాక మొగుడితోపాటు బాప్తిస్మం తీసుకుంది గానీ పేరు మార్చుకోలేదు. పిల్లలకు మాత్రం ప్రేమ్ కుమార్ అనీ రూత్ అనీ పెట్టుకుంది.

ప్రేమ్ కుమార్ మార్కెట్ యార్డులో లారీలకు లోడు కట్టేవాడు. ఒకరోజు బేళ్ల మీద నిలబడి తాడు బిగిస్తుంటే తాడు తెగి వెల్లకిలా కిందపడ్డాడు. తల పగిలింది. కర్నూలు పెద్దాసుపత్రిలో కళ్లు తెరవకుండా పడి ఉంటే తల్లి అక్కడే వరండాలో చాప పరుచుకుంది. ఆదోనిలో సంఘం పాస్టరు కృపానందం అందరినీ కూడగట్టి, ఆ బిడ్డ కోసం మూడు దినాలు ఉపవాసముండి ప్రార్థన చేద్దామన్నాడు. అందరూ ఒక్కో పూట వంతులేసుకున్నారు. రూత్ మాత్రం మూడు రోజులూ తనే ఉంటానంది.

రెండో రోజు సాయంత్రం పక్కింటి అజీమున్నీసా వచ్చింది. ఆమె మొగుడు కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ఆమె చెల్లెలి పిల్లలు పిలుస్తుంటే విని రూత్ కూడా చిన్నప్పటి నుంచి ఆమెను ఖాలా అనే పిలుస్తుంది. చేతిలో బొరుగుల ఉగ్గాని ప్లేటు, పైన రెండు మిరపకాయ బజ్జీలు.

"నీళ్లన్నా సరిగ్గా తాగకుండా ఇట్లుంటే ఎట్ల బేటీ? నువ్వు కూడా పడిపోతే మీయమ్మ ఎవుర్నని సూసుకుంటాది? తిను. దేవుడు ఏమీ అనుకోడు."

రూత్ వద్దు వద్దంటూనే ప్లేటు తీసుకుంది. ఆకలి మీద ఉందేమో, బొరుగులు ఉల్లిపాయలతో సహా సగం ప్లేటు గబగబా తినేసింది. చేయి కడుక్కుంటుండగా ఫోను మోగింది. కర్నూలు నుంచి తల్లి. మాటల్లేవు, ఏడుపు ఒక్కటే.

తను తినడానికీ అన్న పోవడానికీ సంబంధం లేదని రూత్‌కు తెలుసు. ఎవరైనా అలా అనుకుంటే తనే నచ్చజెప్పి ఉండేది. కానీ తెలియడం వేరు. సమాధి దగ్గర మట్టి వేస్తున్నప్పుడు ఆమె నోట్లో ఇంకా ఆ ఉల్లిపాయ వాసనే ఉంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

తర్వాత శుక్రవారాలు ఉపవాసం పట్టింది. కొన్నాళ్లకు బుధవారాలు కూడా. మిగతా రోజుల్లో ఒంటిపూట తినేది. ఆ ఒక్క పూట కూడా రొట్టె చిన్నదయ్యింది, అన్నం పిడికెడయ్యింది. మొదట్లో ఆకలికి కడుపు మెలిపెట్టేది. దాన్ని దాటాక ఒక తేలికతనం వచ్చింది. తల లోపల అంతా కడిగినట్టు, ఏ దుఃఖమూ అంటనట్టు. ఆ తేలికతనం కోసమే ఆమె మళ్లీ మళ్లీ పస్తుండేది. తిన్న రోజు మాత్రం భయంగా ఉండేది. ఎక్కడో ఎవరికో ఏదో జరుగుతుందని ఫోను వంకే చూస్తూ కూర్చునేది.

ఇది లోకానికి జబ్బులా కనపడలేదు. ఒక ఆదివారం పాస్టరు కృపానందం ఆమెను ముందుకు పిలిచి సంఘం ఎదుట నిలబెట్టాడు. "ఇంత చిన్న వయసులో, ఇంత దుఃఖంలో ఈ బిడ్డ దేవుని కోసం తన శరీరాన్ని ఎట్లా లోబరుచుకుందో చూడండి" అన్నాడు. ముసలివాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఆ వారమే హమాలీ మాదన్న పెళ్లాం జ్వరంతో ఉన్న పిల్లను ఎత్తుకొచ్చి, చేయిపెట్టి ప్రార్థన చేయమంది. జ్వరం తగ్గింది. చాలా జ్వరాలు వాటంతటవే తగ్గుతాయి. కానీ ఆ పేటలో ఆమె ఆ రోజు నుంచి ఉపవాసాల రూతమ్మ అయిపోయింది. పొద్దున పనికి పోయేలోపు, సాయంత్రం వచ్చాక, ఎవరో ఒకరు గుమ్మంలో కూర్చుని ఉండేవాళ్లు. నడుము నొప్పి, తాగుడు మొగుడు, కాన్పు కాని కోడలు.

ఉరుకుందమ్మ మొదట్లో మురిసింది. కొడుకు పోయాక తమ ఇంటి ముందు ఆగి పలకరించినవాళ్లు లేరు. ఇప్పుడు అంతా తన కూతురి కోసం వస్తున్నారు. ఆ మురిపెంలో పిల్ల చెంపలు పీక్కుపోవడం ఆమె కంటికి ఆనలేదు. చేతుల మీద పసిబిడ్డకున్నట్టు సన్నటి నూగు మొలవడం, దువ్వెనకు గుప్పెడు గుప్పెడు జుట్టు రావడం కూడా చూసీ చూడనట్టే వదిలేసింది. ఆమెకు మొదట కనపడింది వేరొకటి. ఒకరోజు తలుపు మూసి, గొంతు తగ్గించి అడిగింది.

"మ్మే, నెలనెలా రావాల్సింది నీకు రాక ఎన్నాళ్లాయె? నాకు నిజం సెప్పు. మిల్లులో ఎవురన్నా..."

రూత్‌కు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వింది. అన్న పోయాక ఇంట్లో ఆమె నవ్వడం అదే మొదలు. నవ్వు ఆగలేదు. స్వెట్టరు విప్పి, చొక్కా విప్పి, డ్రెస్సు పైకెత్తి తల్లికి తన కడుపు చూపించింది. పక్కటెముకల కింద కడుపు లోపలికి గుంత పడి ఉంది. తుంటి ఎముకలు రెండూ చర్మాన్ని పొడుచుకొస్తున్నట్టున్నాయి. ఉరుకుందమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆ రోజుతో మురిపెం పోయింది. దగ్గర్లోని డాక్టరు రక్తం లేదని సూదులేసి, గ్లూకోజు ఎక్కించి పంపాడు. తల్లి బతిమాలింది, తిట్టింది, ఒకసారి చెంప మీద కొట్టింది. కడకు తన చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆయుధం తీసింది.

"నువ్వు తిన్నంకనే నేను తినేది. నువ్వు ఒక రొట్టె తింటే నేను ఒక రొట్టె. నువ్వు పస్తుంటే నేనూ పస్తే."

ఉరుకుందమ్మకు చాలా కాలంగా సుగరుంది. పొద్దున్నే మాత్ర వేసుకుంటుంది. ఆ సంగతి రూత్‌కు తెలుసు. అందుకే తల్లి ఎదురుగా కూర్చుని తినసాగింది. కానీ నోట్లో పెట్టుకున్నది గొంతు దిగకముందే ఆమెకు భయం మొదలయ్యేది. తల్లి లేచి నీళ్లకు పోగానే రొట్టె ముక్కలు చొక్కా జేబులో వేసుకునేది. మింగక తప్పనిది దొడ్డి వైపు పోయి కక్కేసేది. వచ్చి "తిన్నా మా" అనేది. తల్లి అప్పుడు తన పళ్లెం దగ్గరికి జరుపుకునేది. ఆమె తింటుంటే రూత్ ఎదురుగా కూర్చుని చూసేది. అమ్మ తింటోంది కదా అన్న తృప్తి, అమ్మను మోసం చేస్తున్నానన్న సిగ్గు, రెండూ ఒకేసారి ఉండేవి.

ఎండలు తగ్గి వానలు పట్టాక, ఒక ఆదివారం ఉరుకుందమ్మ బట్టలు ఉతకబోయి కొడుకు చొక్కా జేబులో చేయి పెట్టింది. బూజు పట్టిన జొన్నరొట్టె ముక్కలు, ఎండిన పప్పు ముద్ద. ఆమె అరవలేదు. వాటిని ఒక పళ్లెంలో వేసి తెచ్చి కూతురి ముందు పెట్టింది.

"నువ్వు తిన్నావనుకోని నేను తింటా వచ్చినా. అన్నీ దొంగకూళ్లేనా నేను తిన్నది?"

ఇక ఆమె నిజంగానే తినడం మానేసింది. మాత్ర మాత్రం అలవాటు కొద్దీ వేసుకుంటూనే ఉంది. రూత్ కాళ్లు పట్టుకుంది. ఎదురుగా రొట్టె పెట్టుకుని, చేతిలోకి తీసుకుని, నోటిదాకా తెచ్చి, లోపలికి పోనివ్వలేకపోయింది. తల్లి ప్రాణం ఆ ముద్దలో ఉందని తెలిసి కూడా నోరు తెరుచుకోలేదు. ఆ తర్వాత ఆమె తనను తాను అసహ్యించుకున్నదంతా ఆ ఒక్క క్షణాన్ని తలుచుకునే.

రెండు రోజులు ఉరుకుందమ్మ కూతురిని ఇంట్లో వదిలి అలాగే పనికి పోయింది. మూడో రోజు మధ్యాహ్నం ఆడవాళ్లంతా భోజనాలకు లేచి పోయాక పత్తి రాశి వెనక ఒక్కతే పడిపోయింది. దూదిలో పడిందేమో, చప్పుడు కాలేదు. భోజనాలయ్యి వచ్చి, పని మొదలుపెట్టి, ఎవరో ఉరుకుందమ్మ ఏదని వెతికేదాకా అలాగే ఉంది. తిండి లేకుండా వేసుకున్న మాత్రకు ఒంట్లో చక్కెర అడుగంటిపోయింది. ఆదోని నుంచి కర్నూలుకు తరలించేసరికి ప్రాణం మిగిలింది గానీ కుడి చేయి, కుడి కాలు, మాట చాలా వరకు పోయాయి.

తల్లిని తోసుకుపోతున్న స్ట్రెచరు వెంట నడుస్తూ ఆసుపత్రి వరండాలోనే రూత్ కూడా కూలబడింది. నర్సు నాడి పట్టుకుని చూసి, మళ్లీ చూసి, డాక్టరు కోసం కేకేసింది. ఒకే ఆసుపత్రిలో తల్లి ఒక వార్డులో, కూతురు ఒక వార్డులో చేరారు.

రూత్ గుండె కొట్టుకోవడం కాస్త కుదుటపడ్డాక మానసిక వైద్యం చూసే డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. ఎందుకు తినవని అడగలేదు. "తింటే ఏమవుతుందమ్మా?" అని అడిగింది.

ఆ ప్రశ్న అంతవరకు ఎవరూ అడగలేదు. రూత్ గోడ వైపు తిరిగి చెప్పింది.

"తింటే ఎవురో ఒకరు సచ్చిపోతారు మేడం."

"తినకపోతే?"

రూత్ నేల వంక చూసింది. కింది అంతస్తులో తల్లి ఉంది.

"నీకిది జబ్బు" అంది డాక్టరమ్మ. "భక్తి కాదు, పొగరు కాదు, దయ్యం కాదు. దుఃఖంతో మొదలైంది, ఇప్పుడు నీ మెదడును పట్టుకుంది. ఇంకొక మాట. మీ అమ్మ చేసింది నీ మీద ప్రేమతోనే. కానీ దానివల్ల నీ జబ్బు తగ్గదు. నీకు ఆకలి ఎప్పుడవుతుందా, తినాలని ఎప్పుడనిపిస్తుందా అని చూడొద్దు. మందు లాగా వేళకు తినాలి, అంతే."

మొదట ముక్కులోంచి గొట్టం. తర్వాత పలచటి గంజి, కొంచెం కొంచెంగా. పస్తులున్న ఒంటికి ఒక్కసారిగా తిండి పెడితే గుండె ఆగిపోవచ్చని రోజూ రక్తం తీసి చూసేవాళ్లు. కాళ్లు వాచాయి, మొహం ఉబ్బింది. కడుపు రాయిలా బిగుసుకుని నొప్పి పెట్టేది. అద్దం చూపించమని అడిగి, చూసుకుని, దుప్పటి ముసుగేసుకుంది. కోలుకోవడం అంటే హాయిగా ఉంటుందని ఎవరైనా చెప్పి ఉంటే ఆమె వాళ్ల మొహాన ఉమ్మేసేది. పస్తులున్నప్పుడు దగ్గరికి రాని దుఃఖమంతా ముద్ద ముద్దకూ ఇప్పుడు లోపలికి వచ్చేది. అన్న కోసం ఆమె కడుపారా ఏడ్చింది ఆ వార్డులోనే.

అజీమున్నీసా ఆదోని నుంచి వచ్చి ఆసుపత్రిలోనే ఉండిపోయింది. తిన్న తర్వాత రూత్ బాత్రూంకు పోకుండా పక్కన కూర్చోవడం ఆమె పని. ఏవో పెళ్లిళ్ల కబుర్లు, మిషన్ల కబుర్లు చెప్పేది. ఒకరోజు ఎవరో ఇంటి నుంచి తెచ్చుకున్న ఉగ్గాని వాసన వార్డంతా వచ్చింది. రూత్ దుప్పటి ముక్కు మీదకు లాక్కుంది. ఎందుకని అడిగితే ఆ సాయంత్రం సంగతి అప్పుడు చెప్పింది.

అజీమున్నీసా ఆమె చేయి తన ఒళ్లోకి తీసుకుంది. తర్వాత మెల్లగా అంది. "ఆ ప్లేటు తెచ్చింది నేను. వద్దంటావుంటే పెట్టింది నేను. తప్పే అయితే నాది కావాల, నీది ఎట్లయితాది? ఇంగ నేను కూడా తినేది ఇడిసిపెట్టాల్నా?"

"నువ్వెందుకు ఖాలా?"

"మరి నువ్వెందుకు?"

ఆ మాటతో జబ్బేమీ తగ్గలేదు. ఆ పూట గంజి మాత్రం కక్కలేదు.

పాస్టరు కృపానందం కూడా వచ్చాడు. మంచం మీదున్న మనిషిని చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. "నిన్ను సంఘం ముందర నిలబెట్టినా రూతమ్మా. నిలబెట్టకుండా ఆసుపత్రికి తీసుకురావల్సింది" అన్నాడు. ఆ ఆదివారం సంఘంలో కూడా అదే చెప్పాడు. ఆమె జబ్బు మనిషనీ ఇక ఎవరూ ప్రార్థనల కోసం ఆమె ఇంటికి పోవద్దనీ చెప్పాడు. కొందరికి నచ్చలేదు. నిజానికి రూత్‌కూ నచ్చలేదు. ఆమెకున్న ఒకే ఒక్క విలువను ఆయన వచ్చి తీసుకుపోయినట్టనిపించింది. కృపానందం పోయాక ఆమె ఆ పూట గిన్నె తోసేసింది.

ఆసుపత్రి నుంచి వచ్చాక తల్లీకూతుళ్లు ఆదోనికి పోలేదు. ఎమ్మిగనూరులో ఉరుకుందమ్మ తమ్ముడు తిక్కయ్య తన ఇంట్లో ఒక గది ఇచ్చాడు. భార్య పోయిన మనిషి, తోపుడు బండి మీద కూరగాయలు అమ్ముతాడు. ఎక్కువ మాట్లాడడు. ఉరుకుందమ్మను కూర్చోబెట్టి, దిండ్లు ఆనించి, నోటికి అందించి తినిపించాలి. ఆ పని రూత్‌ది. వండడం, మెత్తగా కలపడం, ఒక్క మెతుకు కిందపడకుండా పెట్టడం, ఇవన్నీ ఆమెకు ఇష్టంగా ఉండేవి. తను తినకుండా పక్కవాళ్లకు కడుపు నిండా పెట్టడంలో ఉండే సుఖం ఆ జబ్బులోదే. డాక్టరమ్మ ముందే హెచ్చరించింది. అందుకని తిక్కయ్య బండికి పోకముందు రెండు పళ్లేలు పక్కపక్కన పెట్టించి, గడపలో కూర్చునేవాడు.

"అక్కకు ఒక ముద్ద, నువ్వు ఒక ముద్ద. నేను ఈడ్నే ఉంటా పాపా. టమోటాలు యాడికీ పోవు."

ఉరుకుందమ్మకు మాటలు సరిగ్గా వచ్చేవి కావు. వచ్చిన రెండు మూడు మాటలూ తప్పుగా వచ్చేవి. కూతురిని చూసి "ప్రేమూ" అని పిలిచేది. మొదట్లో రూత్ "నేను రూత్‌నమ్మా" అని సరిదిద్దేది. తర్వాత మానేసింది. తల్లి ఎడమ చేత్తో తడిమి ఆమె బుగ్గ పట్టుకుని "ప్రేమూ, ప్రేమూ" అంటుంటే తల దించుకుని నమిలేది.

అంతా సవ్యంగా సాగలేదు. మరుసటి ఏడు వానాకాలంలో తల్లికి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి రెండు వారాలు మంచం దిగలేదు. ఆ గాభరాలో రూత్ మళ్లీ జారిపోయింది. పళ్లెం చేతికి రాగానే మామ కళ్లుగప్పడం, చున్నీలో దాయడం, అన్నీ మర్చిపోని విద్యలాగా తిరిగొచ్చాయి. తిక్కయ్య పసిగట్టాడు. కొట్టలేదు, తిట్టలేదు. "బండి రేపు పెట్టుకుంటాలే, బస్సుకు పోదాం పా" అని కర్నూలు తీసుకుపోయాడు. మళ్లీ వార్డు, మళ్లీ గంజి. డాక్టరమ్మ ఆశ్చర్యపోలేదు. ఇట్లా జరుగుతుంది, మొదటికి రాలేదు, ఈసారి తొందరగా వచ్చావు అంది.

ఆ తర్వాత ఉరుకుందమ్మ ఎక్కువ కాలం లేదు. ఒకరోజు పొద్దున రూత్ మొహం తుడవబోతే చల్లగా తగిలింది.

ఇంటి ముందు జనం చేరారు. ఆదోని నుంచి అజీమున్నీసా, సంఘం వాళ్లు వచ్చారు. పొద్దెక్కింది. పొయ్యి వెలగలేదు, ఎవరూ ఏమీ తినలేదు, తినే వేళ కూడా కాదు. తల్లి తల దగ్గర కూర్చున్న రూత్‌కు మధ్యాహ్నానికి కళ్ల ముందు అంతా తేటగా, దూరంగా కనపడసాగింది. ఏడుపు ఆగిపోయింది. తల తేలికయ్యింది. ఆ తేలికతనం ఏమిటో ఆమెకు తెలుసు. ఇంకొక్క పూట దాన్ని రానిస్తే ఇక అది పోదని తెలుసు.

"ఖాలా" అంది పక్కకు వంగి. "ఆకలి అయితాలేదు నాకు. ఏమన్నా పెట్టు."

అజీమున్నీసా లేచి పక్కింట్లో అడిగి అన్నం, నీళ్ల పప్పు పట్టుకొచ్చింది. శవం ఇంకా ఇంట్లోనే ఉంది. రూత్ గోడకు ఆనుకుని, పళ్లెం ఒళ్లో పెట్టుకుని తినడం మొదలుపెట్టింది. ప్రతి ముద్దా మన్ను మింగినట్టే ఉంది. గుమ్మం దగ్గర ఒక ముసలామె పక్కామెతో అంది. "తల్లి శవం లేవనే లేదు. దీనికి కూడు ఎట్ల దిగుతాందో సూడు. ఈమేనా ఉపవాసాలుండింది?"

అజీమున్నీసా అటు తిరగబోయింది. రూత్ ఎడమ చేత్తో ఆమె మోకాలు పట్టుకుని ఆపింది. పళ్లెంలో ఉన్నది మొత్తం తినలేదు, కానీ సగం దాటింది. చేయి కడుక్కుని వచ్చి తల్లి పాదాల దగ్గర కూర్చుంది. సమాధుల తోట దాకా తన కాళ్ల మీద తను నడిచి పోయింది.

ఇప్పుడామె ఎమ్మిగనూరులోనే ఒక మగ్గాల షెడ్డులో కండెలకు నూలు చుడుతోంది. మామ ఇంట్లోనే ఉంటోంది. కక్కి కక్కి ముందు పళ్లు అరిగిపోయాయి, చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటాయి. పెళ్లి మాట ఒకసారి వచ్చి, ఎవరో ఆదోని వాళ్లు ఏదో చెప్పాక ఆగిపోయింది. గుడ్ ఫ్రైడే నాడు సంఘమంతా పస్తున్నా ఆమె తింటుంది. ఉపవాసం తనకు లేదని డాక్టరమ్మా చెప్పింది, కృపానందమూ చెప్పాడు. అయినా కొందరు ఆమె పక్కన కూర్చోరు.

మొన్న బోరింగు కొడుతుంటే కుడి మణికట్టు పుటుక్కుమంది. ఎముకలు ముసలివాళ్ల ఎముకల్లా గుల్లబారాయని, అవి మళ్లీ పూర్తిగా గట్టిపడవని చెప్పి కట్టు కట్టారు. కట్టుతోనే షెడ్డుకు వచ్చి ఎడమ చేత్తో చేయగలిగింది చేస్తోంది. మధ్యాహ్నం తన పక్కన కండెలు చుట్టే సంతోషి ఆమె డబ్బా మూత తీసి, సజ్జరొట్టె చిన్న ముక్కలుగా తుంచి, పుల్లటి పుండికూరలో కలిపి, చెంచా పెట్టి ఇచ్చింది. ఎడమ చేత్తో తినడం రూత్‌కు చేతకావడం లేదు. సగం చెంచా ఒళ్లో పడుతోంది. మిగతా అందరూ తిని లేచిపోయారు. సగం డబ్బా అయ్యాక రూత్ మూత కోసం చూసింది.

"మూత అట్ల పెట్టు, తిందువుగానీ" అంది సంతోషి. ఆమెది ఎప్పుడో అయిపోయింది, చేయి కూడా కడుక్కోకుండా ఎండిన చేతితోనే కూర్చుని ఉంది. "మళ్లా పనికి కూసునేదానికి ఇంగా టైముంది."

రూత్ కాసేపు డబ్బాలోకి చూస్తూ కూర్చుంది. తర్వాత చెంచా తీసుకుంది.